కొడుకు అనే మాటకి తండ్రి ఎవరు?

ఈ ఫార్వర్డ్ మీ ఫ్యామిలీ గ్రూప్‌లోకి కూడా ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది. యూరప్‌లో లిథువేనియా అని ఒక చిన్న దేశం ఉందట, అక్కడి వాళ్లు ఇప్పటికీ సంస్కృతమే మాట్లాడతారట. కింద ఒక లిస్టు. కొడుకుని వాళ్లు ‘సూనుస్’ అంటారు, మన ‘సూనుడు’. నిప్పుని ‘ఉగ్నిస్’ అంటారు, మన ‘అగ్ని’. దేవుణ్ని ‘దియెవస్’, తేనెని ‘మెదుస్’ అంటారు. చివర్లో రెండు చేతులు జోడించిన ఇమోజీ, ‘గర్వంగా షేర్ చేయండి’.

లిస్టులో ఉన్న మాటలన్నీ నిజమే. లిథువేనియన్ డిక్షనరీ తీస్తే అన్నీ కనిపిస్తాయి. కానీ వాటి నుంచి లాగిన ముగింపు తప్పు. లిథువేనియన్ వాళ్లు సంస్కృతం మాట్లాడరు, వాళ్ల భాష సంస్కృతం నుంచి పుట్టలేదు కూడా. మరి ఈ పోలికలు ఎక్కడివి? కాకతాళీయమా? అదీ కాదు.

అసలు కథ ఫార్వర్డ్ కంటే చాలా బాగుంటుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి వంద మాటలు అక్కర్లేదు, ఒక్కటి చాలు. కొడుకు అనే అర్థం ఉన్న ‘సూనుస్’. ఎవరు ఎవరికి కొడుకో, ఎవరు ఎవరికి బాబాయి పిల్లలో ఆ మాటే చెప్పేస్తుంది.

ప్రసూతి వార్డులో పుట్టిన మాట

ముందు మనకి తెలిసిన వైపు నుంచి వెళ్దాం. హనుమంతుణ్ని వాయుసూనుడు అంటాం. సూనుడు అంటే కొడుకు. ఇది సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాట. సంస్కృతంలో ‘సూ’ అనే ధాతువుకి కనడం అని అర్థం. ప్రసవం, ప్రసూతి, ప్రసూన అనే పేరు, అన్నీ దీంట్లోంచి వచ్చినవే. ప్రసూన అంటే పువ్వు, చెట్టు కన్నది అన్నమాట. ‘సూ’ పక్కన ‘ను’ చేరితే ‘సూను’. కనబడినవాడు కాదు, కన్నవాడూ కాదు, కనగా పుట్టినవాడు.

ఇప్పుడు మిగతా ప్రపంచం చూడండి. 4వ శతాబ్దంలో బైబిల్ అనువాదం జరిగిన గోథిక్ అనే పాత జర్మన్ వర్గం భాషలో ‘సునుస్’. ఇంగ్లిష్‌లో ‘సన్’. పాత ఇరాన్ భాష అవెస్తన్‌లో ‘హును’ (అక్కడ ‘స’ చాలా చోట్ల ‘హ’ అయిపోయింది, సింధు హిందు అయినట్టు). రష్యన్‌లో ‘సిన్’. లిథువేనియన్‌లో ‘సూనుస్’.

ఇవన్నీ ఇండో-యూరోపియన్ అనే ఒక పెద్ద కుటుంబంలోని భాషలు. ఆ కుటుంబంలో ఒక కొమ్మ ఇటు సంస్కృతం, అవెస్తన్ వైపు వచ్చింది. ఇంకో కొమ్మ బాల్టిక్ సముద్రం దగ్గర్లో, తూర్పు యూరప్‌లో నిలిచింది. ఆ కొమ్మే తర్వాత రెండు రకాలుగా చీలింది. ఒకటి బాల్టిక్: లిథువేనియన్, లాట్వియన్, చచ్చిపోయిన పాత ప్రష్యన్. రెండోది స్లావిక్: రష్యన్, పోలిష్, ఉక్రేనియన్, చెక్ వగైరా. చీలక ముందు ఉన్న ఆ ఉమ్మడి భాషకి పండితులు పెట్టిన పేరు ప్రోటో-బాల్టో-స్లావిక్. సుమారుగా క్రీస్తు పూర్వం రెండో సహస్రాబ్ది నాటిదని లెక్క.

ఆ భాషలో కొడుకుని ఏమనేవాళ్లు? *సూనుస్.

ఆ స్టార్ ఏంటి?

పైన మాట ముందు ఒక చుక్క గుర్తు ఉంది చూశారా? మొబైల్ రీచార్జ్ ప్రకటనల్లో ‘అన్‌లిమిటెడ్’ పక్కన స్టార్ పెట్టి, కింద ఎక్కడో ‘షరతులు వర్తిస్తాయి’ అని రాస్తారే, దాదాపు అలాంటిదే. ఈ మాట రాసి ఉన్న రాయి గానీ, తాటాకు గానీ, తోలు కాగితం గానీ ఎక్కడా లేదు, లెక్క కట్టి తేల్చాం అని దానర్థం. ఈ అలవాటుని 19వ శతాబ్దంలో పాపులర్ చేసింది ఔగస్ట్ ష్లైషర్ అనే జర్మన్ పండితుడు. ఆయన 1852లో లిథువేనియన్ మాట్లాడే పల్లెలకి వెళ్లి, రైతుల దగ్గర ఆ భాష నేర్చుకుని, 1856-57లో దాని వ్యాకరణం, పాఠాలు అచ్చు వేయించాడు.

కోడ్ రాసేవాళ్లకి ఈ పని కొత్తగా అనిపించదు. ఒక ప్రాజెక్టుని ముగ్గురు కాపీ చేసుకుని, ఎవరి దారిన వాళ్లు పదేళ్లు మార్చేశారు అనుకోండి. ఒరిజినల్ డిలీట్ అయిపోయింది. మూడు కాపీలూ పక్కపక్కన పెట్టి, ఏ లైను ఎవరు మార్చారో, ఏది ముగ్గురిలో పాతదో చూస్తే ఒరిజినల్‌ని చాలావరకు మళ్లీ రాసేయొచ్చు. స్టార్ మాటలు తయారయ్యేది ఇలాగే. ఊహకి ఇక్కడ పెద్దగా చోటు లేదు. ఒక్క శబ్దం లెక్కకి కుదరకపోయినా మాట మొత్తం పక్కన పెట్టాల్సిందే.

దీనికి మంచి పరీక్ష లాట్వియన్‌లో ఉంది. లిథువేనియన్‌కి సొంత చెల్లెలు లాంటి భాష అది. అందులో ‘సున్స్’ అనే మాట ఉంది. ఆహా దొరికింది అనుకుంటాం. కానీ లాట్వియాలో ఎవరి కొడుకునైనా ‘సున్స్’ అన్నారంటే గొడవే. దానర్థం కుక్క! మన ‘శునకం’, ‘శ్వానం’ ఉన్నాయే, వాటికి చుట్టం అది. పాత ‘శ’ లాట్వియన్‌లో ‘స’ అయింది, లిథువేనియన్‌లో ‘ష’గా మిగిలింది. అందుకే అక్కడ కుక్క ‘షువో’. కొడుక్కి లాట్వియన్లు ‘దేల్స్’ అనే వేరే మాట వాడతారు. పాత మాటని వాళ్లు పోగొట్టుకున్నారు.

అంటే చెవికి ఒకేలా వినపడితే చుట్టరికం ఉన్నట్టు కాదు. శబ్దం మారిన పద్ధతి ప్రతి మాటలోనూ ఒకేలా ఉండాలి. ఫార్వర్డ్ లిస్టులు రాసేవాళ్లు ఈ పరీక్ష పెట్టరు.

గురవే, శంభో, సూనౌ

మాటలు అప్పుగా వస్తాయి. బస్సు, ఫోను, ఛార్జర్ మనకి అలాగే వచ్చాయి. కానీ విభక్తి ప్రత్యయాలని ఎవరూ అంత తేలిగ్గా అప్పు తెచ్చుకోరు. మనం ‘బస్సు’ తెచ్చుకున్నాం, కానీ ‘బస్సుకి’, ‘బస్సులో’ అనేటప్పుడు ‘కి’, ‘లో’ మనవే. కాబట్టి చుట్టరికం తేల్చాలంటే మాట మొదలు కంటే చివర చూడాలి.

సంస్కృతం రానివాళ్లకి కూడా కొన్ని చివర్లు బాగా తెలుసు. ‘గురవే నమః’ అంటాం. గురువుకి నమస్కారం. ‘విష్ణవే నమః’ అంటాం. ఉకారంతో ముగిసే మాటకి ‘కి’ అనే అర్థం రావాలంటే చివర ‘అవే’ వస్తుంది. పిలిచేటప్పుడు ‘శంభు’ కాస్తా ‘శంభో’ అవుతుంది, ‘ప్రభు’ ‘ప్రభో’ అవుతుంది. ‘సూను’ కూడా ఆ బ్యాచే. సూనవే అంటే కొడుక్కి. సూనో అంటే ఓ కొడుకా.

ఇప్పుడు మూడు భాషలూ పక్కపక్కన పెడదాం. స్లావిక్ తరఫున 9వ శతాబ్దంలో సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ములు రాతలోకి తెచ్చిన పాత స్లావిక్ భాషని తీసుకుందాం. ప్రతి వరుసలో ముందు సంస్కృతం, తర్వాత లిథువేనియన్, తర్వాత పాత స్లావిక్, ఆఖర్న స్టార్ రూపం.

కొడుకు: సూనుః, సూనుస్, సిన్. వీటి నుంచి *సూనుస్.

కొడుకుని: సూనుమ్, సూనూ, సిన్. వీటి నుంచి *సూనున్.

కొడుకుతో: సూనునా, సూనుమి, సినుమి. వీటి నుంచి *సూనుమి.

కొడుక్కి: సూనవే, సూనుయ్, సినొవి. వీటి నుంచి *సూనవెయ్.

కొడుకు యొక్క: సూనోః, సూనౌస్, సిను. వీటి నుంచి *సూనౌస్.

ఓ కొడుకా: సూనో, సూనౌ, సిను. వీటి నుంచి *సూనౌ.

కొడుకులు: సూనవః, సూనూస్, సినొవె. వీటి నుంచి *సూనవెస్.

ఒకసారి నెమ్మదిగా చదవండి. ‘శంభో’ అని మనం పిలిచే పిలుపు, లిథువేనియాలో ఒక అమ్మ ‘సూనౌ!’ అని కొడుకుని పిలిచే పిలుపు, రెండింటి చివరా ఉన్నది ఒకే పాత ప్రత్యయం. పోలెండ్‌లో, ఉక్రెయిన్‌లో ఇవాళ్టికీ కొడుకుని ‘సిను!’ అని పిలుస్తారు.

స్కూల్లో విసుక్కుంటూ చదివిన సంధులు ఇక్కడ పనికొస్తాయి. పర + ఉపకారం = పరోపకారం. అకారానికి ఉకారం కలిస్తే ‘ఓ’. సంస్కృతం ‘అఉ’ని నొక్కేసి ‘ఓ’ చేసింది. లిథువేనియన్ నొక్కకుండా ‘ఔ’ అనే ఉంచింది. ఇంకోటి, గురు + ఆజ్ఞ = గుర్వాజ్ఞ. అచ్చు ముందు ‘ఉ’ కాస్తా ‘వ’ అవుతుంది. ‘సూనవః’లో ‘వ’, ‘సినొవె’లో ‘వ’ అలా వచ్చినవే. మాట మొదట్లో ‘సూ’ ‘సి’ అయింది, మధ్యలో ‘అ’ ‘ఒ’ అయింది, అంతే తేడా. ఆ రెండు మార్పులూ స్లావిక్‌లో ప్రతి మాటలోనూ ఒకే పద్ధతిలో జరిగాయి.

మూడో వరుస మాత్రం వేరుగా ఉంది గమనించారా? కొడుకుతో అనడానికి సంస్కృతంలో చివర ‘నా’. లిథువేనియన్‌లోనూ, స్లావిక్‌లోనూ ‘మి’. ఈ ‘మి’ వాళ్లిద్దరూ కలిసి వాడుకున్నది. బాల్టిక్, స్లావిక్ ఒకప్పుడు ఒకే ఇంట్లో పెరిగాయి అనడానికి చూపించే ఆధారాల్లో ఇదొకటి. అందరూ వెంటనే ఒప్పుకోలేదు. ఫ్రెంచ్ పండితుడు ఆంత్వాన్ మెయ్యే 1908లోనే, ఇవి ఒకే ఇంటివి కావు, పక్కపక్క ఇళ్లలో ఒకేలా పెరిగినవి అని వాదించాడు. ఆ వాదన చాలాకాలం నడిచింది. ఇప్పుడు ఎక్కువమంది ఒకే ఇల్లు అనే వైపే ఉన్నారు.

మరి సంస్కృతం తండ్రి ఎందుకు కాదు?

ఇక అసలు ప్రశ్న. ఇంత దగ్గరగా ఉంటే, సంస్కృతం నుంచే లిథువేనియన్ పుట్టింది అంటే తప్పేంటి?

ఫోటోలతో చెప్తాను. వాట్సాప్‌లో ఫోటో పంపితే అది కంప్రెస్ అవుతుంది. కంప్రెస్ అయిన ఫోటోని ఎంత జూమ్ చేసినా పోయిన వివరాలు తిరిగి రావు. మీ దగ్గర ఉన్న ఫోటోలో షర్టు గీతలు క్లియర్‌గా కనిపిస్తూ, నా దగ్గర ఉన్నదాంట్లో మసకగా ఉంటే, మీది నా కాపీ నుంచి వచ్చి ఉండదు.

భాషలోనూ అంతే. తేనెనే తీసుకోండి. ఇదీ ‘సూను’ లాగే ఉకారంతో ముగిసే మాటే. సంస్కృతంలో మధు, లిథువేనియన్‌లో మెదుస్, రష్యన్‌లో మ్యోద్, పాత గ్రీకులో మెథు, ఇంగ్లిష్‌లో తేనె కల్లుకి మీడ్. మొదటి అచ్చు చూడండి. సంస్కృతంలో తప్ప మిగతావాటి పాత రూపాల్లో అక్కడ ‘ఎ’ ఉంది. సంస్కృతం పాత ‘అ’, ‘ఎ’, ‘ఒ’ మూడింటినీ కలిపేసి ‘అ’ చేసేసింది. ఒకసారి కలిపేశాక ఏది ‘ఎ’యో, ఏది ‘ఒ’యో ఆ భాషలోంచి విడదీయలేం. మధులోని ‘అ’ నుంచి మెదుస్‌లోని ‘ఎ’ రాదు. కాబట్టి లిథువేనియన్‌కి సంస్కృతం తండ్రి కాదు.

రివర్స్ కూడా చూడాలి కదా. మధులో వత్తు ‘ధ’ ఉంది. మెదుస్‌లో మామూలు ‘ద’. బాల్టో-స్లావిక్ కొమ్మ వత్తులన్నిటినీ వదిలేసింది. వదిలేసినవాడి దగ్గర నుంచి సంస్కృతం ఆ వత్తుని తెచ్చుకోలేదు. కాబట్టి సంస్కృతానికి లిథువేనియన్ తల్లీ కాదు.

ఇద్దరి దగ్గరా అవతలివాళ్లు పోగొట్టుకున్నది ఏదో ఒకటి ఉంది. అంటే ఇద్దరూ ఒకే తాత ఆస్తిని పంచుకున్న మనవలు. ఒకరు బీరువా పట్టుకెళ్లారు, ఇంకొకరు మంచం పట్టుకెళ్లారు. రెండూ కలిపి చూస్తేనే తాతగారి ఇల్లు ఎలా ఉండేదో తెలుస్తుంది.

మధ్యలో ఒక సరదా సంగతి. రష్యన్‌లో ఎలుగుబంటిని ‘మెద్‌వేద్’ అంటారు. తేనె తినేది అని అర్థం. మధు + అద = మధ్వద అని సంస్కృతంలో అంటే ఎలా ఉంటుందో అలాగే, ఉకారం ‘వ’ అయింది. అదే గుర్వాజ్ఞ సంధి! రష్యా మాజీ అధ్యక్షుడు మెద్వెదేవ్ ఇంటిపేరు ఆ ఎలుగుబంటి నుంచి వచ్చిందే.

కనపడని శబ్దం

‘సూ’లో దీర్ఘం ఎందుకుంది అనేదానికి ఇంకో కథ ఉంది. ఫెర్డినాండ్ ద సొస్యూర్ అనే స్విస్ కుర్రాడు 21 ఏళ్ల వయసులో, 1878లో ఒక పుస్తకం వేశాడు. పాత ఇండో-యూరోపియన్ భాషలో ఇప్పుడు ఎక్కడా మిగలని కొన్ని శబ్దాలు ఉండేవని, అవి పోతూ పోతూ పక్క అచ్చుని దీర్ఘం చేసి పోయాయని అందులో లెక్క కట్టి చూపించాడు. అప్పటికి ఆ శబ్దాలు ఉన్న భాష ఒక్కటీ ఎవరికీ తెలీదు. చాలామంది పట్టించుకోలేదు.

తర్వాత టర్కీలోని బొగజ్‌కోయ్ తవ్వకాల్లో హిట్టైట్ మట్టి పలకలు బయటపడ్డాయి. 1915లో హ్రోజ్నీ అనే చెక్ పండితుడు ఆ భాష ఇండో-యూరోపియన్ అని తేల్చాడు. 1927లో పోలిష్ పండితుడు కురిలోవిచ్, సొస్యూర్ చెప్పిన చోట్ల కొన్నింట్లో హిట్టైట్‌లో నిజంగానే ‘హ’ లాంటి శబ్దం ఉందని చూపించాడు. సొస్యూర్ అప్పటికే 1913లో చనిపోయాడు.

మన మాటలో దీర్ఘం కూడా అలాంటి పోయిన శబ్దం గుర్తే. బాల్టో-స్లావిక్‌లో ఆ శబ్దం పూర్తిగా మాయం కాలేదు, గొంతులో చిన్న నొక్కుగా మిగిలింది అని పండితులు అంటారు. ఆ నొక్కు జాడలు లిథువేనియన్, లాట్వియన్ పలుకుబడిలో ఇప్పటికీ దొరుకుతాయి. సొస్యూర్ అందుకే 1880లో లిథువేనియా వెళ్లొచ్చాడు, తర్వాత ఆ భాష ఊనిక మీద వ్యాసాలు రాశాడు. ‘సూనుస్’ అన్నప్పుడు ఊనిక చివర పడుతుంది, ‘కొడుకుని’ అనేటప్పుడు అదే ఊనిక మొదటికి గెంతుతుంది. ఆ గెంతులాట కూడా స్లావిక్‌తో ఉమ్మడి ఆస్తే.

చనిపోయి ‘చాయ్’లో బతికిన ప్రత్యయం

ఇంత చక్కటి పట్టిక స్లావిక్ భాషల్లో కూలిపోయింది. కారణం చిన్నదే. స్లావిక్‌లో మాట చివర హల్లులు రాలిపోయాయి. దాంతో *సూనుస్, *సూనున్ రెండూ ఒకటే అయిపోయాయి. అంతకంటే పెద్ద ఇబ్బంది, అకారంతో ముగిసే పెద్ద గుంపు మాటలు కూడా (మన ‘వృక’కి చుట్టమైన తోడేలు మాట లాంటివి) అదే చివరకి వచ్చి ఆగాయి. మొదటి విభక్తిలో రెండు గుంపులకీ తేడా లేదు. చిన్న గుంపు పెద్ద గుంపులో కలిసిపోయింది.

కానీ కలిసిపోతూ పెద్ద గుంపు బగ్ ఒకటి సరిచేసి పోయింది. పెద్ద గుంపులో ‘తోడేలు’ అన్నా, ‘తోడేళ్ల యొక్క’ అన్నా ఒకే రూపం వచ్చేది. ఎంత గందరగోళమో ఆలోచించండి. ‘కొడుకుల యొక్క’ అనడానికి మన చిన్న గుంపులో ‘సినొవ్’ అని స్పష్టమైన రూపం ఉంది. ఆ ‘ఓవ్’ని పెద్ద గుంపు లాగేసుకుంది. ఇవాళ రష్యన్‌లో వేలాది మాటలకి బహువచనంలో అదే చివర. పోలిష్‌లో ‘కొడుక్కి’ అనడానికి ‘సినొవి’, ‘కొడుకులు’ అనడానికి ‘సినొవియె’, చెక్‌లో ‘సినొవే’. ‘గురవే’, ‘గురవః’లో మనం వినే ‘వ’ అక్కడ రోజూ వీధుల్లో వినపడుతుంది.

నాకు బాగా నచ్చింది టీ కథ. రష్యన్‌లో ఒక కప్పు టీ కావాలంటే ‘చాయ్’ అనే మాటని ‘చాయు’ అని మారుస్తారు, కొంచెం చాయ్ అన్న అర్థంలో. ఆ ‘ఉ’ మన *సూనౌస్ చివరి ‘ఔస్’ నుంచి దిగిన ప్రత్యయం. చాయ్ రష్యాకి చేరింది 17వ శతాబ్దంలో. అప్పటికి ఆ చిన్న గుంపు అనేదే లేదు, వందల ఏళ్ల కిందటే కలిసిపోయింది. అయినా దాని ప్రత్యయం కొత్తగా వచ్చిన డ్రింక్‌కి అతుక్కుంది. మనం వాడే ‘చాయ్’, వాళ్లు వాడే ‘చాయ్’ ఒకటే మాట, చైనా నుంచి నడిచొచ్చింది. దాని తోక మాత్రం ‘సూనోః’కి చుట్టం.

స్మగ్లింగ్ చేసిన వ్యాకరణం

ఇప్పటిదాకా చెప్పిన లెక్కంతా ఎవరి మీద ఆధారపడి నిలబడింది? లిథువేనియన్ పల్లెల్లో ఆ మాటలు మాట్లాడుతూ వచ్చిన వాళ్ల మీద. వాళ్ల భాష అలా మిగులుతుందన్న గ్యారంటీ ఏమీ లేదు.

పాత ప్రష్యన్‌ని చూడండి. లిథువేనియన్‌కి పక్కింటి భాష. 1545లో రెండు, 1561లో ఒకటి, మూడు చిన్న మత ప్రశ్నోత్తరాల పుస్తకాలు అందులో అచ్చయ్యాయి. సుమారు 800 మాటలున్న ఒక పాత పదజాబితా ఉంది. ఇంకా కొన్ని తునకలు. 18వ శతాబ్దం మొదట్లో ఆ భాష మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు. కానీ 1545 నాటి పుస్తకంలో ‘కొడుకుని’ అనే అర్థంలో ‘సునున్’ అని ఉంది. పైన పట్టికలో *సూనున్ అని చివర ‘న్’ పెట్టాం కదా, దాన్ని కళ్లారా చూడగలిగే చోటు అది. లిథువేనియన్‌లో ఆ ‘న్’ కరిగిపోయి, రాతలో అక్షరం కింద చిన్న తోకగా మాత్రమే మిగిలింది.

లిథువేనియన్‌కీ గండం వచ్చింది. 1863 తిరుగుబాటు తర్వాత రష్యన్ సామ్రాజ్యం లాటిన్ లిపిలో లిథువేనియన్ పుస్తకాలు అచ్చు వేయడం నిషేధించింది. రష్యన్ లిపిలో అయితేనే వేసుకోవాలి. 1864లో మొదలైన ఆ నిషేధం 1904 దాకా, 40 ఏళ్లు నడిచింది. జనం ఏం చేశారంటే, సరిహద్దు అవతల జర్మన్ల కింద ఉన్న తూర్పు ప్రష్యాలో పుస్తకాలు అచ్చు వేయించి, రాత్రిపూట మూటల్లో మోసుకొచ్చి ఇళ్లలో పంచారు. దొరికితే జైలు, సైబీరియా. ఆ పని చేసినవాళ్లకి ‘పుస్తకాలు మోసేవాళ్లు’ అనే పేరే ఉంది. వాళ్లలో బాగా పేరున్న యుర్గిస్ బియెలినిస్ పుట్టినరోజు మార్చి 16ని లిథువేనియాలో ఇప్పటికీ వాళ్ల గుర్తుగా జరుపుకుంటారు.

1901లో యోనాస్ యబ్లోన్స్‌కిస్ రాసిన లిథువేనియన్ వ్యాకరణం కూడా సరిహద్దు అవతల టిల్జిట్ ఊళ్లోనే, మారుపేరుతో అచ్చయింది. ఆధునిక లిథువేనియన్‌కి పునాది అనదగ్గ పుస్తకం అది. ‘సూనుస్, సూనౌస్, సూనుయ్’ లాంటి పట్టికలు ఒకప్పుడు పోలీసులు పట్టుకునే సరుకు అన్నమాట.

మన ‘కొడుకు’ సంగతి

చివరగా మన ఇంటి విషయం. తెలుగు ఈ కుటుంబంలోది కాదు. సూనుడు మనం అప్పు తెచ్చుకున్న మాట, కొడుకు మన సొంత మాట. తెలుగు ద్రావిడ కుటుంబం. దానికీ ఇదే పద్ధతి, ఇవే స్టార్ మాటలు. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు తెచ్చారు. మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు 2003లో ద్రావిడ భాషలన్నిటి మీదా వేసిన పుస్తకం ప్రపంచంలో ఎక్కడైనా ఈ సబ్జెక్టు చదివేవాళ్లు తెరిచే పుస్తకం.

ఆ పనికి ఆధారాలు ఎక్కడ దొరికాయో తెలుసా? పెద్ద కావ్యాల్లో కొన్ని. మిగతావి గోండి, కోలామి, కువి, కొండ లాంటి భాషల్లో. ఎమెనో 1955లో కోలామి మీద పుస్తకం వేశాడు. కృష్ణమూర్తి గారు అరకు వైపు కొండల్లో మాట్లాడే కూబి భాష మీద 1969లో వ్యాకరణం వేశారు. తెలుగు పోగొట్టుకున్న పాత శబ్దాలు, పాత రూపాలు కొన్ని ఆ ఇళ్లలో ఉన్నాయి. ఆదిలాబాద్ గూడెంలో ఒక అవ్వ నోట్లో ఉన్న కోలామి మాట, మన తెలుగు మాట పుట్టుకని తేల్చే సాక్షి కావచ్చు. ఆమె మనవడు ఆ మాట నేర్చుకోకపోతే సాక్షి ఉండదు. ప్రష్యన్‌లో జరిగింది అదే.

ఇక ఆ ఫార్వర్డ్ మళ్లీ వస్తే (వస్తుంది) పెద్దవాళ్లతో గొడవ పడనక్కర్లేదు. ‘బాబాయ్, ఆ మాటలన్నీ నిజమే. కానీ వాళ్లు సంస్కృతానికి పిల్లలు కారు, తోడబుట్టినవాళ్ల పిల్లలు. కావాలంటే మధు, మెదుస్ పక్కపక్కన పెట్టి చూడు’ అని రెండు లైన్లు రాయండి. ‘కొడుకు’ అనే ఆ మాటకి తండ్రి అయిన భాషకి ఫోటో లేదు, పుస్తకం లేదు, పేరు కూడా మనం పెట్టిందే. మనవలందరూ తలా ఒక ముక్క దాచుకున్నారు కాబట్టి, ఒక స్టార్ పెట్టి దాని ముఖం గీయగలుగుతున్నాం.